రీడింగ్ పేపర్‌లో ఏ ప్రశ్నను ఎలా పట్టుకోవాలి

విదేశాల్లో చదువుకో, ఉద్యోగానికో వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్. దాని రీడింగ్ పేపర్‌లో 40 ప్రశ్నలు, 60 నిమిషాలు. పై చదువులకు రాసే అకడమిక్ రకం అయితే పెద్ద పాసేజ్‌లు మూడు ఉంటాయి, అన్నీ కలిపి 2,150 నుంచి 2,750 పదాల దాకా. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు కూడా ఇక్కడే బ్యాండ్ (9కి ఇచ్చే స్కోరు) పోగొట్టుకుంటారు. తిరుపతిలో ఈ పరీక్షకు తయారయ్యే పిల్లల్ని రోజూ చూస్తుంటాను. గ్రామర్ బాగానే ఉంటుంది, పదాలూ తెలుసు. కానీ పాసేజ్‌ను మొదటి లైను నుంచి చివరి లైను దాకా శ్రద్ధగా చదివి, ఆ తర్వాత ప్రశ్నలు తెరిచి, ఒక్కో ప్రశ్నకూ మళ్లీ మొదటికొస్తారు. ఇంటర్ దాకా మనకు అలవాటైన పద్ధతే అది: పాఠం చదువు, అప్పజెప్పు. ఈ పేపర్‌కు ఆ పద్ధతి పనికిరాదు. ఫలానా సంగతి ఈ కాగితం మీద ఉందా, ఉంటే ఏ లైనులో, ఏమని ఉంది? అడిగేది ఇంతే. మీకు బయట ఏం తెలుసో ఎవరూ అడగరు.

ఈ చివరి మాట వినడానికి తేలికే. పాటించడం ఎంత కష్టమో తెలియాలంటే మనకు బాగా తెలిసిన విషయం మీద ఒక పేరా పెట్టుకుని చూడాలి. శ్రీకాళహస్తి కలంకారీ తీసుకుందాం. పాసేజ్ ఇంగ్లీషులో ఉంటుంది కదా, దాని భావం ఇదనుకోండి:

"శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లు నూలు బట్టను ముందుగా కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఎండలో ఆరేస్తారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కలకు పాకదు. చెక్కిన వెదురు పుల్లకు ఉన్ని చుట్టి, దారంతో కట్టి కలం చేస్తారు. నల్ల గీతల కోసం ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో చాలా రోజులు పులియబెడతారు. మచిలీపట్నం వైపు కలంకారీలో ఎక్కువగా చెక్క అచ్చులు వాడతారు."

ఐదే వాక్యాలు. వీటి మీదే రకరకాల ప్రశ్నలు వేసుకుందాం.

ముందు చేయాల్సినవి

పాసేజ్ రాగానే టైటిల్, దాని కింద చిన్న అక్షరాల్లో పరిచయం ఉంటే అదీ, తర్వాత ప్రతి పేరా మొదటి వాక్యం చూడండి. రెండు నిమిషాలు దాటకూడదు. ఏ పేరాలో దేని గురించి ఉందో తెలిస్తే చాలు, ఎవరేం చెప్పారో ఇప్పుడే అక్కర్లేదు. తెలియని పదం తగిలితే ఆగకండి. కరక్కాయను ఇంగ్లీషులో మైరోబాలన్ అంటారు. ఆ పదం జన్మలో వినకపోయినా, బట్టను నానబెట్టే వస్తువేదో అని తెలిస్తే ఆ పేరా మీద అన్ని ప్రశ్నలకూ జవాబు రాయొచ్చు.

తర్వాత ప్రశ్నల వైపు వెళ్లి, ముందుగా సూచనలు చదవండి. ప్రశ్నలు కాదు, సూచనలు. ఎన్ని పదాల్లో రాయాలి, అక్షరం రాయాలా పదం రాయాలా, ఒకే అక్షరాన్ని రెండుసార్లు వాడొచ్చా అన్నవి అక్కడే ఉంటాయి. ఆ తర్వాత ప్రశ్నలో మారని మాటను గుర్తుపెట్టుకోండి: మనిషి పేరు, ఊరు, సంవత్సరం, అంకె. పాసేజ్‌లో మిగతా మాటల్ని పర్యాయపదాలతో ఎంతైనా మార్చేస్తారు గానీ మచిలీపట్నం మచిలీపట్నంగానే ఉంటుంది. ఆ మాట కోసం కళ్లు పరిగెత్తించండి. తిరుపతి బస్టాండ్‌లో మదనపల్లె బస్సు కోసం చూసేవాళ్లు ప్రతి బస్సు బోర్డూ కూడబలుక్కుని చదవరు కదా, అట్లాగే. దొరికిన చోట మాత్రం నిలబడి, ముందు వాక్యం, వెనక వాక్యం కలిపి నిదానంగా చదవండి. వేగంగా వెతకాలి, మెల్లగా చదవాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు.

ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్

ఎక్కువ మార్కులు గల్లంతయ్యేది ఇక్కడే, అందుకే దీని మీద కాసేపు కూర్చుందాం. ఇచ్చిన వాక్యం పాసేజ్‌తో సరిపోతే ట్రూ. పాసేజ్ దానికి అడ్డంగా చెబితే ఫాల్స్. పాసేజ్ ఆ ఊసే ఎత్తకపోతే, లేదా ఆ విషయం ఎత్తి కూడా అడిగిన సంగతి తేల్చకపోతే నాట్ గివెన్. ఇంతవరకు అందరికీ తెలుసు. తేడా వచ్చేది ఫాల్స్‌కీ నాట్ గివెన్‌కీ మధ్య.

మన పేరా మీద నాలుగు వాక్యాలు చూడండి.

"బట్టను నీడలో ఆరబెడతారు." పేరాలో ఎండ అని ఉంది. ఇది నిజమైతే అది అబద్ధం కావాలి. కాబట్టి ఫాల్స్.

"నల్లరంగు తయారు కావడానికి ఒక్క రాత్రి చాలదు." చాలా రోజులు పులియబెడతారని ఉంది. అదే మాట వేరే వేషంలో వచ్చింది. ట్రూ.

"మచిలీపట్నం కలంకారీ మొత్తం అచ్చులతోనే చేస్తారు." పేరాలో ఉన్నది "ఎక్కువగా". "మొత్తం" అనేసరికి అడ్డం తిరిగింది. ఫాల్స్. ఇంగ్లీషులో ఆల్, ఓన్లీ, ఆల్వేస్, నెవర్ కనపడితే వాటి చుట్టూ సున్నా చుట్టండి. అలాగే మోస్ట్, సమ్, మే, యూజువల్లీ వంటివి. ప్రశ్న రాసేవాళ్లు ఉచ్చు బిగించేది ఈ చిన్న మాటల దగ్గరే.

"ఎర్ర రంగు నిలవడానికి పటిక వాడతారు." ఇప్పుడొచ్చింది అసలు చిక్కు. కలంకారీ తెలిసినవాళ్లకు ఇది నిజమని తెలుసు. పటిక వాడతారు, సందేహం లేదు. కానీ ఆ ఐదు వాక్యాల్లో ఎరుపూ లేదు, పటికా లేదు. జవాబు నాట్ గివెన్. ఈ ప్రశ్న ఇచ్చినప్పుడు శ్రీకాళహస్తి నుంచి వచ్చే ఒక అబ్బాయి నాతో వాదనకు దిగాడు. "మా నాయన పొద్దున లేస్తే పటిక నీళ్లతోనే పని చేస్తాడు సార్, నాకు తెలీదా?" అని. వాళ్ల నాయన చేసేది నిజమే. కానీ ఆయన పాసేజ్‌లో లేడు. విషయం ఎంత బాగా తెలిస్తే అంత జాగ్రత్తగా ఉండాలి. కంప్యూటర్ సైన్స్ పిల్లలు కృత్రిమ మేధ మీద పాసేజ్ వస్తే సంబరపడతారు, చేతులారా తప్పులు రాసేది కూడా అందులోనే.

అనుమానం వస్తే ఇలా చేయండి. ఫాల్స్ అనిపిస్తే, ఏ మాట వల్ల ఫాల్స్ అయిందో ఆ మాట మీద వేలు పెట్టి చూపించండి. చూపించగలిగితే ఫాల్స్. వేలు గాల్లో తిరుగుతుంటే నాట్ గివెన్. "శ్రీకాళహస్తి కలంకారీ మచిలీపట్నం దానికన్నా ఖరీదెక్కువ" అనే వాక్యానికి రెండు ఊళ్ల మీదా వేలు పెట్టగలరు, ఖరీదు మీద పెట్టలేరు. పోలికల విషయంలో ఇది పదేపదే జరుగుతుంది: ఇద్దరి ప్రస్తావనా ఉంటుంది, ఎవరు ఎక్కువో ఉండదు.

ఈ ప్రశ్నల జవాబులు పాసేజ్‌లో వరుస క్రమంలోనే వస్తాయి. నాలుగో ప్రశ్న జవాబు, ఆరో ప్రశ్న జవాబు దొరికాయంటే ఐదోది ఆ రెండింటి మధ్యే ఉండాలి. అక్కడ లేకపోతే నాట్ గివెన్ అని రాసి ముందుకెళ్లండి. లేనిదాని కోసం మొత్తం పాసేజ్ తవ్వడం అనవసరం. ఒక్క నాట్ గివెన్ మీద ఐదు నిమిషాలు పోసిన వాళ్లున్నారు.

ఎస్, నో, నాట్ గివెన్ అని ఇస్తే పద్ధతి అదే, కానీ అడిగేది రచయిత అభిప్రాయం. పాసేజ్‌లో "కొందరు ఇలా అంటారు" అని ఉంటే అది ఆ కొందరి మాట, రచయితది కాదు. దాని తర్వాత హవెవర్, బట్ వచ్చిందంటే రచయిత మాట అక్కడ మొదలవుతుంది. సూచనలో ఎస్ అని ఉంటే ఎస్ అనే రాయండి, ట్రూ అని కాదు. పరీక్ష దిద్దేవాళ్లు అర్థం చేసుకుంటారులే అనుకోవడం మనకు మనమే చెప్పుకునే ఓదార్పు.

ఖాళీలు పూరించే ప్రశ్నలు

వాక్యంలో ఖాళీ, సమ్మరీలో ఖాళీ, టేబుల్‌లో, ఫ్లోచార్ట్‌లో, బొమ్మలో ఖాళీ. పేర్లు వేరు, పని ఒకటే. పాసేజ్‌లో ఉన్న పదాన్ని ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయడం.

ముందు ఖాళీ చుట్టూ చూసి అక్కడ ఏ రకం మాట పడుతుందో అనుకోండి. వస్తువా, పనా, అంకెనా, మనిషా? "గీయడానికి ముందు బట్టను పాలు, ... కలిపిన నీళ్లలో నానబెడతారు" అని ఉంటే అక్కడ వస్తువు పేరే రావాలి. పాసేజ్‌లో మైరోబాలన్ అని ఉంది కాబట్టి అదే రాయాలి. మన తెలివికొద్దీ కరక్కాయ అని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే సున్నా. రెండూ ఒకే కాయే, కానీ ఆ మాట పాసేజ్‌లో లేదు.

ఇక పదాల పరిమితి. "నో మోర్ దాన్ టూ వర్డ్స్" అంటే ఒకటి రాయొచ్చు, రెండు రాయొచ్చు, మూడు రాయకూడదు. "కలాన్ని ఒక ... తో చేస్తారు" అన్న ప్రశ్నకు బాంబూ స్టిక్ అని రాస్తే మార్కు. ఎ బాంబూ స్టిక్ అని రాశారా, మూడు పదాలయ్యాయి, మార్కు పోయింది. పైగా ప్రశ్నలోనే "ఎ" ఉండగా మళ్లీ మనమెందుకు రాయడం? మధ్యలో చిన్న గీతతో కలిపిన జంట పదాన్ని ఒక్క పదంగానే లెక్కిస్తారు. "అండ్ ఆర్ ఎ నంబర్" అని కూడా ఉంటే పదాలతోపాటు ఒక అంకె రాయొచ్చు.

స్పెల్లింగ్ తప్పితే మార్కు లేదు. పాసేజ్ కళ్లెదురుగానే ఉంటుంది, చూసి రాయడమే కదా అంటారు. అయినా తప్పుతారు. మనం పలికినట్టు రాస్తాం, అదీ కారణం. గవర్నమెంట్‌లో మధ్య ఎన్, ఎన్విరాన్‌మెంట్‌లో ఎం ముందున్న ఎన్ మనం పలకం, కాబట్టి చెయ్యి కూడా వాటిని మింగేస్తుంది. ఒక్కో అక్షరం చూసుకుంటూ దించండి. బహువచనం ఎస్ ఉంటే రాయండి, లేకపోతే చేర్చకండి. రాశాక ఖాళీతో కలిపి వాక్యం మొత్తం ఒకసారి మనసులో చదవండి. గ్రామర్ కుదరకపోతే పదం తప్పు, లేదా దాని రూపం తప్పు.

సమ్మరీ కింద పెట్టెలో పదాలు ఇచ్చి, వాటిలోంచి ఎంచుకోమని అంటే మాత్రం ఇందాకటి సూత్రం తిరగబడుతుంది. పెట్టెలోని పదాలు పాసేజ్‌లో ఉన్నవి ఉన్నట్టు ఉండకపోవచ్చు, అర్థాన్ని బట్టి కుదిర్చి అక్షరం రాయాలి. పాసేజ్‌లో కనిపించిన పదమే పెట్టెలోనూ ఉందని ఎగిరి పట్టుకుంటే పప్పులో కాలేసినట్టే.

హెడింగ్స్ కుదర్చడం

పేరాలకు హెడింగ్ పెట్టమనే ప్రశ్నను ముందే చేసేయండి. ఇందులో పేరాల సారం మీకు ఎలాగూ పట్టుబడుతుంది, మిగతా ప్రశ్నలకు దారి సుగమం అవుతుంది. ఒక పని చేయండి: హెడింగ్‌ల జాబితా చూడకముందే పేరా చదివి, మీరే రెండు మూడు తెలుగు ముక్కల్లో పేరు పెట్టండి. "బట్ట, రంగు తయారీ" అని. తెలుగులో పెట్టడమే మంచిది, పాసేజ్‌లోని ఇంగ్లీషు మాటల మాయలో పడరు. ఆ తర్వాతే జాబితాకు వెళ్లండి.

మన పేరాకు "రెండు ఊళ్ల మధ్య పోలిక", "గీయడానికి ముందు సన్నాహాలు" అని రెండు హెడింగ్‌లున్నాయనుకోండి. చివరి వాక్యంలో మచిలీపట్నం కనపడగానే మొదటిదానికి మొగ్గుతారు చాలామంది. ఐదు వాక్యాల్లో నాలుగు సన్నాహాల గురించే ఉన్నాయి, ఐదోది గాలానికి గుచ్చిన ఎర. హెడింగ్ పేరా మొత్తానికీ పట్టాలి, ఒక్క లైనుకు కాదు. పేరాల కన్నా హెడింగ్‌లు ఎప్పుడూ ఎక్కువే ఇస్తారు, కొన్ని మిగిలిపోయినా కంగారు పడొద్దు. రెండింటి మధ్య తేలకపోతే రెండూ పక్కన రాసుకుని ముందుకెళ్లండి. తర్వాతి పేరాల్లో ఒకటి ఖర్చయిపోయి, చిక్కు దానంతట అదే విడిపోతుంది.

మనుషులు, మాటలు

ఎవరు ఏం చెప్పారో కుదర్చమంటే ముందు పాసేజ్‌లో ఆ పేర్లన్నిటికీ గీత పెట్టండి. కంప్యూటర్ మీద అయితే హైలైట్ చేయండి. మొదటిసారి పూర్తి పేరు వస్తుంది, ఆ తర్వాత ఇంటిపేరు ఒక్కటే, ఒక్కోసారి "ఆమె" అని మాత్రమే. ఠాగూర్ 1919లో మదనపల్లె బిసెంట్ థియోసాఫికల్ కాలేజీలో ఉన్నప్పుడు జనగణమనను ఇంగ్లీషులోకి మార్చారు. అప్పుడు ప్రిన్సిపల్‌గా ఉన్నది జేమ్స్ కజిన్స్, పాట బాణీకి స్వరాలు రాసింది ఆయన భార్య మార్గరెట్ కజిన్స్. ఈ సంగతి పాసేజ్‌గా వచ్చి, "స్వరాలు రాసినవారు ఎవరు" అని అడిగితే, కజిన్స్ అన్న పేరు చూసి జేమ్స్‌కు గీత కొట్టేవాళ్లు తప్పకుండా ఉంటారు. ఒకే పేరు నాలుగు చోట్ల వస్తే నాలుగూ చూశాకే జవాబు.

ఫలానా సమాచారం ఏ పేరాలో ఉంది అనే ప్రశ్నలకు వరుస ఉండదు. వీటిని ఆఖరికి వదిలేయండి. మిగతావి చేసేసరికి పాసేజ్ సగం తలకెక్కి ఉంటుంది. ఒకే అక్షరం రెండుసార్లు రావచ్చా అన్నది సూచనల్లో చూసుకోండి.

మల్టిపుల్ చాయిస్

ఆప్షన్లను అరచేత్తో మూసి ప్రశ్న ఒక్కటే చదవండి. పాసేజ్‌లో చోటు పట్టుకుని, మీ జవాబు మీరు అనుకున్నాక చెయ్యి తీయండి. "పాలు ఎందుకు వాడతారు?" బట్ట మెత్తబడటానికా, రంగు పాకకుండానా, నల్లరంగు పులియడానికా, బట్ట త్వరగా ఆరడానికా? పులియడం, ఆరడం రెండూ పేరాలో ఉన్న మాటలే, కానీ పాలతో వాటికి సంబంధం లేదు. మెత్తబడటం మన ఊహ. తప్పు ఆప్షన్ అంటే వింతగా ఉండేది కాదు, పాసేజ్‌లోని మాటల్నే వేరేచోట అతికించింది. ఏ ఆప్షన్‌లో పాసేజ్ మాటలు మరీ ఎక్కువగా మెరుస్తున్నాయో దాన్ని కొంచెం అనుమానించండి.

బ్యాంకు పరీక్షలకు వెళ్లేవాళ్లకు ఒక మాట. బ్యాంకు ఆఫీసర్ ఉద్యోగాలకు పెట్టే ఐబీపీఎస్ పీఓ తొలి దశ పరీక్షలో (ప్రిలిమ్స్) ఇంగ్లీషుకు 30 ప్రశ్నలు, 20 నిమిషాలు, తప్పు జవాబుకు పావు మార్కు కోత. చదివే పద్ధతి చాలావరకు ఇదే గానీ, గుడ్డిగా గీతలు కొట్టడం అక్కడ అసలుకే మోసం. ఐఈఎల్‌టీఎస్‌లో మైనస్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ఖాళీ కూడా వదలకూడదు. రెండింటికీ ఒకేసారి తయారయ్యే వాళ్లు ఈ తేడాను మరిచిపోయి, అక్కడ రాయకూడనిది రాసి, ఇక్కడ రాయాల్సింది వదిలేసి వస్తారు.

ఇంటి దగ్గర సాధన

వారానికి పది టెస్టులు చేశానని గొప్పలు చెప్పేవాళ్ల కన్నా, రెండే చేసి తప్పుల మీద కూర్చునేవాళ్లు ముందుకెళ్తారు. తప్పయిన ప్రతి ప్రశ్న పక్కన కారణం రాయండి: చోటు దొరకలేదు, చోటు దొరికినా తప్పుగా చదివాను, పదాల పరిమితి, స్పెల్లింగ్, నాకు తెలిసిందే రాశాను. కొన్ని టెస్టులు గడిచేసరికి ఏ కారణం పక్కన గీతలు ఎక్కువున్నాయో కనపడుతుంది. చోటు దొరకని వాళ్లకు కావాల్సింది పర్యాయపదాల సాధన, తప్పుగా చదివేవాళ్లకు కావాల్సింది నిదానం. రెండు జబ్బులకూ ఒకే మందు వేస్తే పని కాదు.

టెస్టులు అయిపోతే ఇంగ్లీషు పేపర్లో సైన్స్, చరిత్ర వ్యాసాలు చదవండి. ఎస్వీ యూనివర్సిటీ పిల్లలైతే లైబ్రరీలో కూర్చోండి, ఫోన్ బ్యాగులో పెట్టి. ప్రతి పేరాకూ మార్జిన్‌లో తెలుగులో ఒక పేరు పెట్టండి. హెడింగ్స్ ప్రశ్నకు ఇంతకన్నా మంచి కసరత్తు నేనైతే చూడలేదు.

అకడమిక్‌లో 40కి 30 వస్తే సుమారు 7 బ్యాండ్, 23 వస్తే 6. ఉద్యోగానికో, వలసకో రాసే జనరల్ ట్రైనింగ్‌లో అదే 7కు 34 దాకా కావాలి. అంటే 7 కోసం రాసేవాళ్లు అకడమిక్‌లో పది ప్రశ్నలు తప్పినా ఫర్వాలేదు. ఈ లెక్క గుర్తుంటే ఒక్క ప్రశ్న దగ్గర పీటముడి వేసుకుని కూర్చోరు, టెన్షన్ కూడా తగ్గుతుంది.

ఆ గంటలో

పాసేజ్‌కు 20 నిమిషాలని చెబుతారు. సాధారణంగా మూడోది కష్టంగా ఉంటుంది కాబట్టి మొదటిదాన్ని 16, 17 నిమిషాల్లో ముగించి, మిగిలింది చివరిదానికి ఇవ్వండి. గడియారం చూసుకోండి: 37 నిమిషాలకు రెండోది అయిపోవాలి. ఒక ప్రశ్న నిమిషంన్నర దాటితే ఏదో ఒకటి రాసి, పక్కన గుర్తు పెట్టి కదలండి.

కాగితం మీద రాసేవాళ్లు జవాబుల్ని ఎప్పటికప్పుడు ఆన్సర్ షీట్‌లోకి ఎక్కించాలి. లిజనింగ్‌లో దించుకోవడానికి వేరే పది నిమిషాలు ఇచ్చినట్టు రీడింగ్‌లో ఇవ్వరు. ప్రశ్నపత్రం మీద 40 జవాబులూ చక్కగా రాసుకుని, షీట్‌లో సగమే ఎక్కించి బయటికొస్తే ఆ మిగతా సగాన్ని ఎవరూ దిద్దరు. ఒక నంబరు వదిలేసినప్పుడు కింది జవాబులన్నీ ఒక గడి పైకి జరిగిపోతాయి, అదీ చూసుకోండి.

ఆఖరి రెండు నిమిషాల్లో కొత్త ప్రశ్న ముట్టుకోవద్దు. ఖాళీ గడులు వెతికి నింపండి. ట్రూ, ఫాల్స్ ప్రశ్నల్లో మిగిలినవాటికి మూడింటిలో ఏదో ఒకటి, అక్షరాలు అడిగినచోట ఇంకా వాడని అక్షరం, పదం అడిగినచోట ఆ లైను దగ్గర్లో కనపడిన పేరుపదం ఒకటి రాసేయండి.